వీణ మార్చాలా, మెట్లు కట్టించాలా?



వీణ పాఠం మొదలై మూడు నాలుగేళ్ళయ్యాక దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న పుడుతుంది. పిల్ల వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చి ఉంటుంది. వాయిస్తుంటే ఏదో ఒక మెట్టు మీద తీగ గరగరలాడుతుంది. ఎంతసేపు శ్రుతి చేసినా తారషడ్జం దగ్గరికి వెళ్ళేసరికి ఎక్కడో తేడా కొడుతుంది. గమకం లాగబోతే వేలు కోసుకుపోతుంది. తల్లిదండ్రులు తమలో తాము మాట్లాడుకుని, డబ్బు కూడా సర్దుకుని గురువు దగ్గరికి వస్తారు. "మేడమ్, ఇది నేర్చుకోవడానికని కొన్న వీణ. ఇప్పుడు పిల్లకి చెయ్యి తిరిగింది కదా, ఇక మంచి వీణ కొనేద్దామంటారా?"

పాఠాలు చెప్పేదాన్ని కనుక ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. నేను ముందు ఒకటే అడుగుతాను. "ఈ వీణకి మెట్లు కట్టించి ఎన్నాళ్ళయింది?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. కొన్నప్పటినుంచి ఒక్కసారి కూడా కట్టించలేదంటారు. కట్టించాలని మాకెవరూ చెప్పలేదండీ అంటారు. ఈ రోజు నా మాటలు ముఖ్యంగా వాళ్ళ కోసం.

వీణను దగ్గరగా చూడని శ్రోతలు కూడా ఉంటారు. వాళ్ళకు కాస్త వివరంగా చెబుతాను. వీణకు కుడివైపు పెద్ద కుండ, దాని మీద పలక, పలక మీద గుర్రం. తీగలు గుర్రం మీదుగా సాగి, దండి పొడవునా వెళ్ళి, ఎడమ చివర యాళి ముఖం పక్కన బిరడాలకు చుట్టుకుంటాయి. స్వరాలు పలికించేవి నాలుగు తీగలు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. తాళానికి పక్కన ఇంకో మూడు. దండి మీద 24 లోహపు మెట్లు. ఈ మెట్లను చెక్కకు మేకులు కొట్టి బిగించరు. దండికి రెండు అంచుల వెంట మైనంతో కట్టిన గట్లు ఉంటాయి. మెట్లు ఆ గట్ల మీద కూర్చుని ఉంటాయి. తేనెమైనంలో బొగ్గుపొడి, గుగ్గిలం కలిపి కాచి, ఆ గట్లు కడతారు. అందుకే అవి నల్లగా నిగనిగలాడుతుంటాయి.

మైనం మైనమే. వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది, ఏళ్ళు గడిస్తే పెళుసుబారి నెర్రెలిస్తుంది. బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం కారు వెనక వీణ పెట్టి పెళ్ళికి వెళ్ళొచ్చారనుకోండి, తిరిగొచ్చేసరికి మెట్లు ఒరిగిపోయి ఉంటాయి. కంటికి కనిపించేంత ఒరగనక్కర్లేదు. వెంట్రుకవాసి జరిగినా స్వరం చెడుతుంది. దానికితోడు రోజూ గమకాల కోసం తీగను పక్కకు లాగుతూనే ఉంటాం. లాగిన ప్రతిసారీ తీగ మెట్టును ఒరుసుకుంటుంది. కొన్నేళ్ళకు సారణి కిందుగా ప్రతి మెట్టు మీదా సన్నని గాడి పడుతుంది. ఆ గాడిలో తీగ ఇరుక్కుని గరగరలాడుతుంది. గుర్రం మీది లోహపు రేకుకీ ఇదే గతి. తీగలకు వేళ్ళ చెమట తగిలి తుప్పు పడుతుంది.

ఇప్పుడు చెప్పండి. గరగర, అపశ్రుతి, వేలు కోసుకుపోవడం. పిల్ల చెప్పిన మూడు ఫిర్యాదుల్లో ఒక్కటైనా చెక్క మీద ఉందా? ఒకటి గాడిపడిన మెట్టుది, ఒకటి జరిగిన మెట్టుది, ఒకటి ఎత్తు ఎక్కువైన మెట్టుది కావచ్చు. తీగకీ మెట్టుకీ మధ్య ఎడం మరీ ఎక్కువైతే నొక్కడానికీ లాగడానికీ రెట్టింపు బలం పెట్టాలి. మరీ తక్కువైతే తీగ పక్క మెట్లకు తగిలి గీపెడుతుంది. ఆ ఎడం సరిచేసేది మెట్లు కట్టే మనిషి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మనకొక సామెత ఉంది. పిల్లలు వీణ మీద నేరం మోపినప్పుడల్లా పెద్దలు ఆ సామెతే అందుకుంటారు. నాకది అన్యాయంగా తోస్తుంది. మద్దెల నిజంగానే ఓటిదై ఉండవచ్చు కదా? చెడిన మెట్ల మీద సాధన చేస్తే కష్టం వృథా కావడంతో ఆగదు, చెవి పాడవుతుంది. రోజూ గంటసేపు తప్పు గాంధారం వింటే కొన్నాళ్ళకు అదే సరైన గాంధారం అనిపిస్తుంది. దాన్ని మాన్పించడం ఎంత కష్టమో పాఠం చెప్పేవాళ్ళకి తెలుసు. కాబట్టి పిల్ల ఫిర్యాదును కొట్టిపారేయొద్దు. కొత్త వీణ కొనేయడానికీ తొందరపడొద్దు. ముందు వీణను పరీక్షించండి.

ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. తంబుర పెట్టుకుని తీగలన్నీ నిదానంగా శ్రుతి చేయండి. సారణిని వట్టిగా మీటండి, తర్వాత 12వ మెట్టు మీద నొక్కి మీటండి. రెండోది మొదటిదానికి సరిగ్గా తారషడ్జం కావాలి. 24వ మెట్టు దగ్గర దాని పై షడ్జం. పంచమం తీగను 5వ మెట్టు మీద నొక్కితే వట్టి సారణితో కలిసిపోవాలి. సారణిని 7వ మెట్టు మీద నొక్కితే పంచమం తీగకు పై స్థాయిలో పలకాలి. ఈ నాలుగుచోట్లా చూస్తే చాలావరకు సంగతి తెలిసిపోతుంది. ఒకటి రెండు మెట్ల దగ్గరే తేడా ఉంటే ఆ మెట్లు జరిగాయి. పైకి వెళ్ళేకొద్దీ తేడా పెరుగుతూ పోతుంటే, మెట్లను అనుమానించే ముందు గుర్రాన్ని చూడండి. అది ఉన్నచోటునుంచి కాస్త జరిగి ఉంటుంది. ఎవరో తుడుస్తూ చెయ్యి తగిలించి ఉంటారు. శ్రుతి నిలవడం లేదంటే బిరడాలు జారుతున్నాయేమో చూడాలి. దానికి సుద్దపొడి చాలు.

మెట్లు కట్టడం నేను దగ్గర కూర్చుని చూసింది బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో. అక్కడ సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. పనస మాను తొలిచి, కుండ, దండి, యాళి ఒకే చెక్కలోంచి తీయడం అక్కడి పనితనం. ఆ రోజు నాతోపాటు ఒక విద్యార్థిని, వాళ్ళమ్మ వచ్చారు. కొత్త వీణ బయానా ఇద్దామనే బయలుదేరారు. పాత వీణను కూడా వెంట తెమ్మని నేనే చెప్పాను. పనివాడు పెద్దవయసు మనిషి. వీణను ఒళ్ళో పెట్టుకోలేదు. నిలువుగా ఎత్తి, ఒక కన్ను మూసి, దండి పొడవునా చూశాడు. పలక మీద వేలి కణుపుతో నాలుగుచోట్ల కొట్టాడు. గోటితో మైనం గీశాడు. అది పొడిగా రాలింది.

"చెక్క బాగుందమ్మా. మైనమే చచ్చిపోయింది. తీసీసి కొత్తది ఏసీద్దాం" అన్నాడు.

తల్లి మొహంలో కాస్త అపనమ్మకం. అంత దూరం వచ్చింది కొత్తది చూడడానికి కదా. ఆయన పనిలో పడ్డాడు. మెట్లన్నీ ఊడదీసి వరసగా గుడ్డ మీద పేర్చాడు. పాత మైనం గీకేశాడు. కొత్త మైనం వేడిచేసి, చేత్తో పిసికి, పొడుగాటి తాళ్ళలా చేసి, దండి అంచుల వెంట అదిమి గట్లు కట్టాడు. మెట్ల మీది గాడులు అరగదీసి, గుడ్డతో రుద్ది మెరిపించాడు. అప్పుడు మొదలైంది అసలు పని. ఒక్కో మెట్టు పెట్టడం, తీగ మీటడం, చెవి ఒగ్గడం, మెట్టును గోరంత ముందుకు జరపడం, మళ్ళీ మీటడం. ఏ యంత్రం చూడలేదు. మధ్యలో ఒకసారి, పక్కవాళ్ళు మాట్లాడుతుంటే చెయ్యెత్తి ఆపాడు, అంతే. సాధారణ గాంధారం దగ్గర చాలాసేపు పట్టింది. కుదిరిందనుకున్నాక మెట్టును గట్టిగా నొక్కి, వేడి కడ్డీతో మైనం అంచులు సర్దాడు. ఒక్క మెట్టు కోసం అంత ఓపిక పట్టడం చూస్తే, మనం సాధనలో తొందరపడే చోట్లు గుర్తుకొస్తాయి.

సాయంత్రానికి వీణ పిల్ల ఒళ్ళోకి వచ్చింది. మాయామాళవగౌళ సరళీ వరసే వాయించింది. మూడోకాలం దాకా వెళ్ళి ఆగిపోయి వాళ్ళమ్మకేసి చూసింది. బయానా డబ్బు తల్లి సంచిలోనే ఉండిపోయింది. మెట్లు కట్టినందుకు ఆయన పుచ్చుకున్నది కొత్త వీణ ఖరీదులో చిన్న వాటా. ఆ వీణ ఆ పిల్లకు ఇంకా కొన్నేళ్ళు సరిపోయింది.

ఇక్కడ చరిత్రలో ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే అది మన విషయానికి నేరుగా తగులుతుంది. విజయనగర కాలంలో రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధిలో వీణలను రెండు తీరులుగా చెప్పాడు. అన్ని రాగాలకూ సరిపడేలా మెట్లున్నవి, ఒక్క రాగానికే సరిపడేలా మెట్లున్నవి. రెండో తరహా వీణ మీద రాగం మారితే మెట్లు జరుపుకోవాలి. తరవాత 17వ శతాబ్దం తొలినాళ్ళలో తంజావూరు ఏలిన రఘునాథనాయకుడి కాలంలో, స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకూ 24 మెట్లు స్థిరపడ్డాయి. రఘునాథుడు స్వయంగా తెలుగు కవి, వైణికుడు. ఈ కూర్పుకు ఆయన పేరే నిలిచింది. ఇవాళ మన ఒళ్ళో ఉండే వీణ ఆ కూర్పే. ఇన్ని వందల ఏళ్ళలో వీణకు జరిగిన అతి పెద్ద మేలు మెట్ల దగ్గర జరిగిందన్నమాట. మీ ఇంటి వీణకు కూడా ముందు మేలు జరగాల్సింది అక్కడే అని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

సరే, మెట్లు కట్టించారు. తీగలు మార్చారు, గుర్రం రేకు సరిచేయించారు. మూడు నెలలు వాయించారు. అప్పటికీ తృప్తి లేదు. ఇప్పుడు కొత్త వీణ మాట ఆలోచించవచ్చు. ఏ లోపాలు మైనంతో తీరవో చెబుతాను.

మొదటిది దండి వంగడం. ఏడు తీగల లాగుడు ఏళ్ళ తరబడి దండి మీద పడుతుంది. చెక్క సరిగా ఆరకముందే వీణ చేస్తే దండి నెమ్మదిగా లోపలికి వంగుతుంది. యాళివైపునుంచి ఒక కంటితో చూస్తే మధ్యలో పల్లం కనిపిస్తుంది. కొద్దిపాటి వంపును మైనం ఎత్తు పెంచి కప్పిపుచ్చవచ్చు. బాగా వంగితే ఎవరూ ఏమీ చేయలేరు. అతుకుల వీణల్లో కుండకూ దండికీ మధ్య అతుకు విచ్చుకుంటుంది. అది మరమ్మతు చేయదగ్గదే, కానీ మళ్ళీ మళ్ళీ విచ్చుకుంటుంటే ఇక దాన్ని వదిలేయాలి. పలక గుర్రం కింద కుంగిపోవడం ఇంకోటి. పలకకు పగులు వస్తే నాదం పలచబడుతుంది.

వీటికన్నా ముఖ్యమైనది, నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునేది, నాదం నిలవడం. మన సంగీతం గమకం మీద నడుస్తుంది. వీణ మీద ఒక్క మీటుకు తీగ లాగి రెండు మూడు స్వరాలు చూపిస్తాం. మీటినప్పుడు పుట్టిన నాదం ఆ లాగుడు పూర్తయ్యేదాకా బతికుండాలి. తోడి రాగంలో గాంధారం ఊపుతున్నప్పుడు, చివరి ఊపు చేరేలోపే నాదం ఆరిపోతే వాయించేవాళ్ళు ఏం చేస్తారు? మళ్ళీ మీటుతారు. మళ్ళీ మీటితే రాగం ముక్కలవుతుంది. వీణ నాదం నిలుపుకోలేనప్పుడు పిల్ల తెలియకుండానే ఎక్కువ మీట్లకు అలవాటు పడుతుంది. అది చేతి అలవాటుగా మారకముందే వీణ మార్చాలి. నాకు తెలిసినంతలో వీణ మార్చడానికి ఇంతకన్నా గట్టి కారణం లేదు. చేతికి ఒక పని తెలుసు, చెవికి అది ఎలా వినబడాలో తెలుసు, అన్ని మరమ్మతులూ చేయించిన వీణ మాత్రం దాన్ని ఇవ్వలేకపోతోంది. ఆ రోజు వస్తే డబ్బుకు వెనకాడొద్దు.

ఇంకొక న్యాయమైన కారణం శ్రుతి. ఒక్కో వీణ ఒక్కో శ్రుతి దగ్గర బాగా పలుకుతుంది. మంద్రపంచమం గుమ్మటంలా మోగుతుంటే ఆ వీణ దాని శ్రుతిలో ఉన్నట్టు. పాడుతూ వాయించే పిల్ల గొంతు అయిదు శ్రుతి దగ్గర ఉండి, వీణ మూడు శ్రుతికి తయారైనదైతే, పైకి బిగించేకొద్దీ తీగలు తెగుతాయి, లాగడం కష్టమవుతుంది. ఎత్తు సంగతి కూడా అంతే. చిన్నప్పుడు కొన్న చిన్న వీణ పెరిగిన పిల్ల ఒళ్ళో అమరదు.

ఇక న్యాయం కాని కారణాలు. కచేరీ కుదిరింది కనుక కొత్త వీణ అంటారు. రేడియో ఆడిషన్ పిలుపు వచ్చింది కనుక అంటారు. అప్పుడే అస్సలు వద్దు. కొత్త వీణ మీద మెట్ల మధ్య ఎడం, తీగ బిగువు, దండి మందం అన్నీ వేరు. చేతికి అలవాటు కావడానికి నెలలు పడుతుంది. పరీక్ష అయ్యాక కొనుక్కోండి. ఆడిషన్‌లో మైకు ముందు కూర్చున్నప్పుడు వీణ కొత్తదా పాతదా అని మైకుకు తెలియదు. గాడిపడిన మెట్టు చప్పుడు మాత్రం దానికి తప్పకుండా వినబడుతుంది.

ఎంత మంచి వీణైనా చెయ్యి పలికించే నాదమే పలుకుతుంది. ఈమని శంకరశాస్త్రిగారిని, ఆయన శిష్యులు చిట్టిబాబుగారిని ఒకరి తరవాత ఒకరిని వినండి. గురుశిష్యులు. ఇద్దరి వాద్యమూ ఒకటే జాతి. అయినా మొదటి మీటుకే ఎవరు వాయిస్తున్నారో చెప్పేయవచ్చు. శాస్త్రిగారి మీటులో గొంతు పలుకు వినబడుతుంది. చిట్టిబాబుగారిలో మెరుపు, నిండుతనం. అది వాళ్ళ వేళ్ళలో ఉంది. ఫలానా విద్వాంసుల వీణలాంటిది కావాలని వచ్చేవాళ్ళకి నేను ముందు ఈ ఇద్దరి రికార్డులూ వినిపిస్తాను.

కొనడానికి నిశ్చయించుకున్నారు. ఎలా ఎంచుకోవాలి? ఫొటోలు చూసి కొనొద్దు. ఫొటోలో కనిపించేది యాళి మీది చెక్కడం, అంచుల మీది పూలతీగలు. అవి అందంగా ఉండడం నాకూ ఇష్టమే, వీణ మన ఇంట్లో దేవతతో సమానం కదా. కానీ ఖరీదులో చాలా భాగం వాటికి పోతుంటే మాత్రం ఆలోచించాలి. చేసినవారి దగ్గరికి వెళ్ళి, కుదిరితే గురువునో, బాగా వాయించేవాళ్ళనో వెంట తీసుకెళ్ళి వినండి. మొదట మీరు వాయించండి. తరవాత వాద్యం వెంట వచ్చినవాళ్ళకిచ్చి, మీరు గదికి అవతలి మూల కూర్చోండి. వీణ ఒళ్ళో ఉన్నప్పుడు దాని మోత ఎముకల్లోంచి కూడా తెలుస్తుంది, అందుకని వాయించేవాళ్ళకి ప్రతి వీణా నిండుగా అనిపిస్తుంది. అవతల కూర్చున్నప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

ఏం వాయించాలి? జోరుగా తానం వాయించి మురిసిపోవద్దు. జోరులో లోపాలన్నీ దాక్కుంటాయి. సారణి మీద మధ్యమం మెట్టు నొక్కి ఒక్క మీటు మీటి, తీగను పంచమం దాకా, అక్కడినుంచి ధైవతం దాకా నెమ్మదిగా లాగండి. ధైవతం చేరాక కూడా నాదం ఉందా? మంద్రం, అనుమంద్రం తీగలు ఒక్కొక్కటి మీటి ఊరుకోండి. ఎంతసేపు మోగుతుందో వినండి. 24 మెట్లనూ ఒక్కొక్కటి నిదానంగా పలికించండి. ఒక మెట్టు మీద మాత్రం నాదం చటుక్కున ఆరిపోతోందనుకోండి. చేసినవారిని ఆ మెట్టు కాస్త సర్దమనండి. సర్దినా ఆరిపోతుంటే లోపం చెక్కలో ఉంది. ఆ వీణను వదిలేయండి. మెట్ల అమరిక, తీగల రకం చూసి వీణను ఎంచొద్దు, అవి రేపు మార్చుకోదగ్గవి. చెక్కను విని ఎంచండి.

చెక్క అంటే ఏకాండి వీణ మాట వస్తుంది. ఒకే మాను లోంచి తీసినది ఏకాండి. బొబ్బిలివారి గొప్ప అందులోనే ఉంది, ఆ వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అంత లావు పనస మాను దొరకడం కష్టం కనుక ఖరీదు ఎక్కువ. అతుకు లేకపోవడం వల్ల విచ్చుకునే భయం లేదు. ఏకాండి అయితే చాలు నాదం బాగుంటుందని మాత్రం నేను చెప్పను. సరిగా ఆరని మాను లోంచి తీసిన ఏకాండి కన్నా, బాగా ఆరిన చెక్కతో శ్రద్ధగా అతికిన వీణ మేలు. చేసినవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న, చెక్క కోసి ఎన్నాళ్ళు ఆరబెట్టారని. పచ్చి పనస పసుపుపచ్చగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగులోకి తిరుగుతుంది. పైన రంగు, పాలిష్ వేస్తే అది కనబడదు. పాలిష్ వేయకముందు చూపించమని అడగవచ్చు. పనితనం మీద నమ్మకం ఉన్న మనిషి సంతోషంగా చూపిస్తాడు.

పాత విద్వాంసుల ఇళ్ళలోని వీణలు అమ్మకానికి వస్తుంటాయి. అలాంటి అవకాశం వస్తే చేజార్చుకోవద్దు. ఆరాల్సినంత ఆరిన చెక్క, వంగాల్సింది ఉంటే ఈపాటికే వంగి ఉంటుంది. అంటే చూసేది చూడగానే తెలిసిపోతుంది. దండి వంపు, పురుగు తొలిచిన చిల్లులు, పలక మీది సన్న పగుళ్ళు వెతకండి. ఒక జాగ్రత్త. పాతవాటి అంచులకు ఏనుగుదంతం, జింక కొమ్ము పొదిగి ఉండవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దంతపు వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ నిషేధం ఇలాంటివాటికి వర్తిస్తాయి. విదేశాల్లో ఉన్న పిల్లకు తాతగారి వీణ పంపుదామనుకునేవాళ్ళు ముందే ఆ సంగతి తేల్చుకోండి. విమానాశ్రయంలో తేల్చుకోవాల్సిన విషయం కాదది.

విదేశాల మాట వచ్చింది కనుక అమెరికాలో ఉన్న మన పిల్లల గురించి. అక్కడ చలికాలం ఇళ్ళలో హీటర్లు పెట్టేసరికి గాలిలో తేమ పోతుంది. చెక్క ముడుచుకుంటుంది, బిరడాలు వదులవుతాయి, పలకకు పగుళ్ళు రావచ్చు. మెట్లు కట్టేవాళ్ళు దగ్గర్లో ఉండరు. అందుకని అక్కడ చాలామంది మైనం అవసరం లేకుండా మెట్లు బిగించిన ఎలక్ట్రానిక్ వీణలకు మారుతున్నారు. విడదీసి పెట్టెలో పెట్టుకోవచ్చు, శబ్దం స్పీకరులోంచి వస్తుంది. ప్రయాణానికి, కచేరీ వేదికకు అవి పనికొస్తాయి. కానీ పనస చెక్క మోత ఛాతీకి తగలడం తెలియని పిల్ల మీటు బలాన్ని స్పీకరుకు అప్పగించేస్తుంది. వీలైతే ఇంట్లో చెక్క వీణ ఒకటి ఉంచండి. గదిలో తేమ నిలిచేలా చూసుకోండి. సెలవుల్లో వచ్చినప్పుడు మెట్లు కట్టించుకుని వెళ్ళండి.

కొత్త వీణ ఇంటికి వచ్చాక పని అయిపోలేదు. కొత్త మైనం కుదురుకోవడానికి కొంతకాలం పడుతుంది, కొత్త చెక్క మీద తీగల లాగుడు ఇప్పుడిప్పుడే పడుతోంది. మొదటి ఎండాకాలం గడిచాక ఇంకోసారి మెట్లు కట్టించాలి. కొనేటప్పుడే ఆ మాట మాట్లాడుకోండి. ధర చెప్పేటప్పుడు అదీ కలిపి చెప్పమనండి.

పాత వీణను అటక ఎక్కించొద్దు. మారుబేరానికి ఇస్తే వచ్చేది ఎలాగూ కొద్దిపాటి డబ్బే. మీ వీధిలోనో, మీ గురువుగారి దగ్గరో కొత్తగా పాఠం మొదలుపెట్టి, వీణ కొనే స్తోమత లేక పక్కవాళ్ళ వీణ మీద వంతులేసుకుని వాయించే పిల్ల ఒకతి తప్పకుండా ఉంటుంది. ఆ పిల్లకివ్వండి. ఇచ్చేముందు కొత్త తీగలు వేయించండి, మెట్లు కట్టించి మరీ ఇవ్వండి. ఆ మైనం ఖర్చు మీరే పెట్టుకోండి.